సిస్టర్ అడిగిన ఫారం

ఆమె చనిపోయిన కబురు నాకు వాట్సాప్‌లో తెలిసింది. పిల్లల గ్రామర్ స్కూల్ పరీక్ష కోసం ఇంగ్లండులో మేముండే ఊరి తెలుగువాళ్లం ఆరేళ్ల కిందట పెట్టుకున్న గ్రూపు అది. సీట్లు వచ్చినవాళ్లు వచ్చాక, రానివాళ్లు చప్పుడు చేయకుండా బయటికి వెళ్లిపోయాక, అందులో ఉగాదికీ దీపావళికీ శుభాకాంక్షలు తప్ప ఏమీ పడేవి కావు. మొన్న మంగళవారం భోజనాల వేళ ఎవరో "సిస్టర్ గారు పొద్దున ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు" అని పెట్టారు. దాని కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. ఆ బొమ్మల మధ్యలో ఒకాయన "ఏ సిస్టర్?" అని అడిగాడు.

ఆయన్ని తప్పుపట్టను. ఆ గ్రూపులో ఆమె పేరు తెలిసినవాళ్లు ఎందరో నాకు అనుమానమే. ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేస్తుందని కొందరు, చర్చికి వెళ్తుందని కొందరు, మొత్తానికి అందరం సిస్టర్ అనేవాళ్లం. మాలో కొందరు ఆ మాట అనేటప్పుడు పెదవి చివర ఓ చిన్న నవ్వు ఉండేది. నాకు ఆమె పేరు తెలుసు. ఇక్కడ రాయను. బతికున్నన్నాళ్లూ ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలవలేదు. ఇప్పుడు రాసి గౌరవం చూపించాననిపించుకోవడం నాకు ఇష్టం లేదు.

ఎవరింటికి వచ్చినా ఆమె ముందు గదిని వెచ్చబెట్టే రేడియేటర్ ఎక్కడుందో చూసుకునేది. చెప్పులు విడిచి, తిన్నగా వెళ్లి, దానికి వీపు ఆనించి, రెండు అరచేతులూ వెనక్కి పెట్టి నిలబడేది. కూర్చోమంటే వినేది కాదు. "పొద్దున్నుంచీ వంగీ వంగీ నడుం పట్టేసిందండీ. ఇట్టా నిలబడితేనే సుఖం." జూలైలో రేడియేటర్ చల్లగా ఉన్నప్పుడూ అక్కడే నిలబడేది. మా సోఫాల్లో కూర్చోవడానికి ఆమెకు మొహమాటమేమో అని నాకు చాలా ఆలస్యంగా తోచింది. అప్పుడు మాత్రం, ఇదేం అలవాటు అనుకుని ఊరుకున్నాను.

ఆమెది బాపట్ల దగ్గర ఓ పల్లె. గుంటూరులో నర్సింగ్ చదివింది. ఇక్కడ నర్సుగా చేరాలంటే రాయాల్సిన ఇంగ్లిషు పరీక్ష రెండుసార్లు పోయింది. దాంతో కేర్ అసిస్టెంటుగానే ఉండిపోయింది. మాట్లాడే ఇంగ్లిషు మాత్రం ధారాళంగా వచ్చు. అది కేర్ హోమ్‌లో ముసలివాళ్ల దగ్గర పట్టుబడింది. ఈ చుట్టుపక్కల ముసలివాళ్లు ఎవరినైనా ముద్దుగా "మీ డక్", అంటే నా బాతుపిల్లా, అంటారు. ఈమె కూడా బస్సు డ్రైవరును, జీపీ సర్జరీలో, అంటే ఊరి డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షన్ అమ్మాయిని, ఒకసారి హెడ్ టీచరును కూడా అలాగే పిలిచింది. మా పిల్లలు ఆమె వెనక నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్లం. టీవీలో వార్తలు చదివేవాళ్ల ఇంగ్లిషు కష్టపడి నేర్చుకున్నవాళ్లం కదా. తమాషా ఏమిటంటే ఊరివాళ్లు మాతో వాన గురించి రెండు ముక్కలు మాట్లాడి తప్పుకునేవారు. ఆమె కనిపిస్తే మాత్రం ఆగి, కులాసా కబుర్లు చెప్పి మరీ వెళ్లేవారు.

ఇంగ్లండులో చాలా ఊళ్లలో లేని జబ్బు మా ఊళ్లో ఉంది. నాటింగ్‌హామ్ నుంచి బస్సులో గంట ప్రయాణం మాది. ఇక్కడ పదేళ్ల పిల్లలకు సెప్టెంబరులో ఒక పరీక్ష పెడతారు. తెలివైనవాళ్లని తేలినవాళ్లు గ్రామర్ స్కూలుకి, మిగతావాళ్లు రోడ్డుకి అవతల ఉన్న స్కూలుకి వెళ్తారు. రెండూ ప్రభుత్వ బడులే, రెండింటిలోనూ ఫీజు లేదు. తేడా అంతా ఆ రోడ్డుదే. ఆ రోడ్డుకు ఇవతలే ఉండాలని మేము మూడో తరగతి నుంచే పిల్లలకు ట్యూటర్లను పెట్టాం, సెలవులు మానుకున్నాం, పుట్టినరోజులకు మాక్ టెస్టులు కానుకగా ఇచ్చాం. ఈ చివరిది హాస్యానికి అనలేదు, నేను నిజంగానే ఇచ్చాను.

ఆమె పెద్దకూతురూ మా అబ్బాయీ ఒకే తరగతి. చిన్నదానికి అప్పటికి మూడేళ్లు. ఒకరోజు బడి గేటు దగ్గర నన్ను ఆపింది. "మేడం, మీ బాబు చేసేసిన పుస్తకాలు ఏం చేస్తారండీ? పారేసేటట్టయితే మా పిల్లకి ఇస్తారా? అడిగితే పోయేదేముంది అని అడుగుతున్నా." అడిగితే పోయేదేముంది అనేది ఆమె ఊతపదం. బేకరీలో సాయంత్రం మిగిలిన రొట్టె అడగడానికైనా, లైబ్రరీలో ఒక వారం గడువు అడగడానికైనా ఆ మాటతోనే వెళ్లేది. నన్ను మేడం అని పిలవొద్దని నేను ఎన్నడూ చెప్పలేదు. మా ఇద్దరి మధ్య నాలుగేళ్లు తేడా, పెద్దది ఆమే.

పుస్తకాలు ఇచ్చాను. వాటిలో మావాడి జవాబులన్నీ పెన్సిల్‌తో రాసి ఉండేవి. ఆమె వాటిని కేర్ హోమ్‌కి పట్టుకెళ్లి, టీ విరామంలో కూర్చుని, పేజీ పేజీ రబ్బరుతో చెరిపేది. యూనిఫాం జేబులో ఎప్పుడూ రబ్బరు పొట్టు ఉండేది. మావాడు పెన్నుతో గీకిన చోట, ముసలివాళ్ల బట్టల మీద పేర్లకి అంటించే తెల్ల లేబుళ్లు అతికించేది. అక్కడ ఉండే ఒక రిటైరైన టీచరమ్మ ఈ పనిలోకి దిగింది. కష్టమైన మాటలకు ఆవిడ అర్థం చెప్తే, ఈమె పాత రోటా కాగితాల వెనక రాసుకునేది. ఇంటికి వచ్చి కూతురికి అప్పజెప్పేది. ఒకసారి నాకు చూపించింది. ఒకవైపు ఎవరు ఎప్పుడు ఏ డ్యూటీ అన్న గళ్లు. రెండోవైపు, వంకర టింకర అక్షరాలతో, ఇంగ్లిషు మాట, పక్కన తెలుగులో అర్థం. "ఆవిడకి మతిమరుపండీ. పొద్దున ఏం తిన్నదో గుర్తుండదు. ఈ మాటలన్నీ మాత్రం ఎట్టా గుర్తున్నాయో." తెల్ల లేబుళ్ల కింద మావాడి తప్పులు ఎన్ని ఉన్నాయో ఆమెకు ఖచ్చితంగా తెలుసు. ఒక్కనాడూ ఆ ప్రస్తావన తేలేదు. నేనైతే తెచ్చేదాన్ని.

ఆ ఏడాది మార్చిలో గ్రామర్ స్కూలు ఊళ్లో తల్లిదండ్రులందరికీ ఒక ఉత్తరం రాసింది. బడిలో ఉచిత భోజనానికి నమోదైన పిల్లలకు, అంటే ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లలకు, కటాఫ్ పది మార్కులు తగ్గిస్తామని, వాళ్లకు ముందుగా సీట్లు ఇస్తామని, మీ అభిప్రాయం చెప్పమని. గ్రూపు భగ్గుమంది. శనివారం తెలుగు క్లాసు జరిగే హాల్లోనే మీటింగు పెట్టారు. గ్రూపుకి పెద్ద మా డాక్టరు గారు. హాస్పిటల్లో పెద్ద పదవిలో ఉన్నాయన, మాట కూడా అదే హోదాలో వస్తుంది.

"ఇండియాలో రిజర్వేషన్లు పడలేకే కదండీ ఇంత దూరం వచ్చాం," అన్నాడు. "ఇక్కడికీ వెంటబడి వచ్చిందంటే ఎక్కడికి పోవాలి? కష్టపడి చదివే పిల్లాణ్ణి పక్కనబెట్టి, బెనిఫిట్స్ మీద బతికేవాళ్ల పిల్లల్ని కూర్చోబెడతారా? మెరిట్ అనేది ఒకటుండాలి."

తలలు ఊగాయి. టాక్సులు కట్టేది మేమని ఒకరు, మావాడు ఏం పాపం చేశాడని ఇంకొకరు. నా గొంతు మాత్రం లేవలేదు. కారణం చెప్తాను. నాకు ఫార్మసీలో సీటు వచ్చింది బీసీ కోటాలో. మా నాయన సిరిసిల్లలో మగ్గం మీద పనిచేసేవాడు. కాలేజీలో దింపి వెళ్లేటప్పుడు ఆయన నాకు చెప్పిన జాగ్రత్త ఒకటే, "ర్యాంకు ఎవలడిగినా చెప్పకు బిడ్డా" అని. నాలుగేళ్లు చెప్పలేదు. హాస్టల్లో పక్క మంచాలవాళ్లు లెక్కలు కట్టి కనుక్కున్నారు. ఆ తర్వాత నాకు ఫస్ట్ క్లాసు వచ్చినా, వాళ్ల చూపులో నేను ఆ ర్యాంకుగానే ఉండిపోయాను. ఆ హాల్లో ఈ సంగతి తెలిసినవాడు మా ఆయన ఒక్కడే. ఆయన నావైపు చూడలేదు, నేనూ ఆయనవైపు చూడలేదు. అభ్యంతరం తెలుపుతూ రాసిన ఉత్తరం కింద మూడో సంతకం నాది.

సిస్టర్ ఆ రోజు టీ ఫ్లాస్కు దగ్గర ఉంది. ఎవరూ పురమాయించలేదు. అలాంటిచోట టీ ఫ్లాస్కు దగ్గర ఎవరు నిలబడతారన్నది ఎవరూ చెప్పకుండానే తేలిపోతుంది. సంతకాలు జరుగుతుండగా ఆమె గొంతు వినిపించింది.

"ఆ పిల్లలకి ఇస్తే మనకేం పోయిందండీ? పరీక్ష అందరికీ ఒకటే అంటన్నారు. మరి ట్యూటర్ కూడా అందరికీ ఒకటే అయితే అప్పుడు ఒకటే అనాలి గదా."

అంతే అన్నది, మామూలు గొంతుతో.  డాక్టరు గారు నవ్వాడు. "సిస్టర్ గారూ, ఇవి పాలసీ విషయాలు లెండి. టీ ఇంకో రౌండు తిప్పుతారా?" ఆమె తిప్పింది. నా దగ్గరకొచ్చి కప్పులో పోస్తూ, "నేనేమన్నా తప్పు మాట్టాడానా మేడం?" అని గుసగుసగా అడిగింది. "లేదు సిస్టర్" అన్నాను, ఆమెకు తప్ప ఇంకెవరికీ వినపడకుండా.

ఆ రోజు మేము ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో ఆమెకు తెలియదు. ఆ పిల్లలు అంటే ఆమె దృష్టిలో ఊరి చివర ఫ్లాట్లలో పనీపాటా లేని తెల్లవాళ్ల పిల్లలు. తను రెండు షిఫ్టులు చేస్తుంది, భర్త వేర్‌హౌస్‌లో పెట్టెలు మోస్తాడు. పని చేసుకుని బతికే తమలాంటివాళ్లు పేదవాళ్లు ఎలా అవుతారు? కూతురికి రోజూ పొద్దున్నే అన్నం వండి డబ్బా కట్టేది. "మా పిల్ల నేను పెట్టిందే తింటదండీ" అని గర్వంగా చెప్పేది. ఆమె పరాయి పిల్లల పక్షాన మాట్లాడాననుకుంది. నిజానికి తన పిల్ల గురించే మాట్లాడింది. అది ఆ హాల్లో నాకు తెలుసు. కేర్ అసిస్టెంట్ జీతమెంతో, ఉత్తరంలో రాసిన ఆదాయమెంతో రెండూ నాకు తెలుసు.

మా అభ్యంతరాన్ని స్కూలు పట్టించుకోలేదు. కొత్త నిబంధన ఖాయమైంది. జూన్‌లో ఒక ఆదివారం సిస్టర్ చర్చి నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చింది. తెల్ల చీర, చేతిలో బైబిలు, బైబిల్లో మడత పెట్టిన కాగితం. రేడియేటర్ దగ్గర నిలబడి ఆ కాగితం తీసింది.

"మేడం, బళ్లో ఆఫీసావిడ ఇది ఇచ్చింది. భోజనం ఫారం అంట. మాకు వస్తదంట. నేను అన్నం కట్టి పంపుతున్నా గదండీ, మాకెందుకు అన్నా. అయినా నింపుకో, మంచిది అంటది. ఎందుకు మంచిదో గబగబా చెప్పింది గానీ నాకు సరిగా అందలా. మిమ్మల్ని అడిగి నింపుదామని తెచ్చా."

ఆఫీసావిడ ఎందుకు మంచిదన్నదో నాకు తెలుసు. ఆ ఫారం అన్నం కోసం కాదు. అది నింపితే పిల్ల పేరు జాబితాలోకి ఎక్కుతుంది, జాబితాలో ఉంటే కటాఫ్ పది మార్కులు దిగి వస్తుంది, సీటు ముందు వరసలో వస్తుంది. మావాడు మాక్ టెస్టుల్లో ఎప్పుడూ గీతకు అటో ఇటో ఊగుతున్నాడు. ట్యూటరు మెత్తగా "బోర్డర్‌లైన్" అనేవాడు. ముందు వరసలో ఒక్కో పిల్ల చేరినకొద్దీ వెనక నుంచి ఒక్కో పిల్లవాడు జారిపోతాడు. ఇదంతా ఆలోచించడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పాలంటే సిగ్గేస్తుంది. ఆమె కాగితం విప్పేలోపే అయిపోయింది.

"వద్దులే అక్కా," అన్నాను.

అంతకుముందు ఎన్నడూ ఆమెను అక్కా అనలేదు.

"ఎందుకు చెప్పు గిదంతా. పిల్ల మంచిగ చదువుతున్నది. ఇసొంటివి ఒక్కసారి రాసుకున్నవంటే ముద్ర పడ్తది. రేపు ఏం సాధించినా ఉత్తగ ఇచ్చిండ్రు అంటరు. నాకు తెల్సు గనక చెప్తున్న."

అందులో ఒక్క మాటా అబద్ధం లేదు. హాస్టల్లో నాలుగేళ్లు నేను పడ్డదే చెప్పాను. అంత నిజంగా చెప్పాను కాబట్టే ఆమె నమ్మింది. నా గాయాన్ని నేను బాగా వాడుకున్నాను.

ఆమె ఆ కాగితాన్ని ఒకసారి తిప్పి చూసుకుంది. తర్వాత, "ముద్ర సంగతి నాకు తెలవదా మేడం. మా ఊళ్లో బళ్లో మమ్మల్ని ఏ వరసలో కూర్చోబెట్టేవాళ్లో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుద్ది" అంది. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, "మా వీసాకి కూడా అడ్డం వస్తదేమో గదండీ, గవర్నమెంటు దగ్గర తింటే?" అని అడిగింది.

అడ్డం రాదు. అదీ నాకు తెలుసు. "ఏమో అక్కా, ఎందుకొచ్చిన గొడవ" అన్నాను. ఇది మాత్రం పచ్చి అబద్ధం.

ఆమె ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి మళ్లీ బైబిల్లో పెట్టుకుంది. నేను టీ పెట్టాను. టీ తాగుతూ ఆ రోజు చర్చిలో ఎవరెవరి కోసం ప్రార్థన చేయించిందో చెప్పింది. ఆ వరసలో మావాడి పేరు కూడా ఉంది.

పరీక్ష రోజు గ్రామర్ స్కూలు గేటు ముందు తల్లిదండ్రులందరం బారులు తీరాం. ఆమె డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చింది. కూతురి నెత్తి మీద ఒక చెయ్యి, మావాడి నెత్తి మీద ఒక చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, పెదాలు మాత్రం కదిలించింది. మావాడు సిగ్గుతో మెలికలు తిరిగాడు. నేను వాణ్ణి కదలొద్దని కళ్లతోనే కసిరాను. నాకు దేవుడి మీద అంత నమ్మకం లేదు. ఆ సమయంలో ఏదీ వదులుకోదలచలేదు, అంతే.

అక్టోబరులో ఫలితాలు వచ్చాయి. మావాడు గీతకు రెండు మార్కులు పైన. ఆ పిల్ల నాలుగు మార్కులు కింద. తెల్ల లేబుళ్లు అంటించిన పుస్తకాలతో, మతిమరుపు టీచరమ్మ చెప్పిన మాటలతో, ఒక్క ట్యూటర్ కూడా లేకుండా, నాలుగంటే నాలుగు మార్కులు.

వారం తర్వాత ఆమె మా ఇంటికి వచ్చింది. చికెన్ పచ్చడి సీసా తెచ్చింది, మావాడికి ఇష్టమని. వాణ్ణి దగ్గరికి పిలిచి వీపు నిమిరింది. వాడు పైకి వెళ్లిపోయాక చాలాసేపు రేడియేటర్‌కి ఆనుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఏడుపు ఇంటి దగ్గరే ముగించుకుని వచ్చినట్టుంది.

"పిల్ల రెండ్రోజులు అన్నం ముట్టలేదండీ. ఇవాళ తిన్నది," అంది. "నాలుగు మార్కులేనంట. పోనీలెండి. ఉత్తగా ఇచ్చారనే మాట లేకుండా, తను తెచ్చుకున్నయ్యి తనవి. ఎవర్ని పడితే వాళ్లని అడిగితే ఏదో ఒకటి చెప్తారు. మిమ్మల్ని అడిగా గాబట్టి నా బిడ్డ మీద ముద్ర పడకుండా పోయింది."

మా ఇంట్లో, నా ముందు, నాకు థాంక్స్ చెప్పింది. నేను తీసుకున్నాను. పచ్చడి కూడా తీసుకున్నాను. చాలా బాగుందని తర్వాత మెసేజ్ పెట్టాను.

తర్వాతి సంగతులు చెప్పడానికి పెద్దగా లేవు. ఆ పిల్ల రోడ్డుకి అవతలి స్కూల్లో చేరింది. అక్కడ ఫిజిక్స్ టీచరు మానేస్తే ఏడాదిన్నర పాటు నెలకొకరు వచ్చి పోయారని విన్నాను. మావాడు ఇవతలి స్కూల్లో అన్నిట్లోనూ కింది సెట్‌లో, అంటే వెనకబడ్డ పిల్లల జట్టులో, ఉన్నాడు. లెక్కలంటే వాంతి వస్తుందంటాడు. ఏ సీటు కోసం నేను ఆ పని చేశానో ఆ సీట్లో కూర్చోవడం వాడికి ఇష్టం లేదు. ఈ మాట మా ఆయనతో అంటే ఆయన టీవీ సౌండు పెంచాడు.

ఆమెతో రాకపోకలు నేనే తగ్గించాను. పండగలకు పిలిస్తే ఏదో డ్యూటీ చెప్పేదాన్ని. కిందటేడు హాస్పిటల్లో మా ఫార్మసీ కౌంటరు దగ్గర ప్రిస్క్రిప్షన్ పట్టుకుని నిలబడి కనిపించింది. మందు పేరు చదవగానే నాకు అర్థమైంది. కడుపులో క్యాన్సర్ గడ్డ. చాలా నెలలుగా నొప్పి ఉందట. జీపీ దగ్గర అపాయింట్‌మెంట్ దొరికిన రోజున రోటాలో డ్యూటీ పడేదట, మార్చమని అడగలేకపోయిందట. అడిగితే పోయేదేముంది అనే మనిషి అక్కడ మాత్రం అడగలేదు. నేనేమీ అనకముందే నవ్వింది.

"మీరున్నారుగా మేడం. ఇయ్యి ఎప్పుడెప్పుడు వేసుకోవాలో మీరే చెప్పండి. మీరెట్టా చెప్తే అట్టా వేసుకుంటా."

చెప్పాను. మూడుసార్లు చెప్పాను, కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. వెనక లైను పెరిగిపోతున్నా చెప్పాను. నా జీవితంలో ఎవరికీ అంత ఖచ్చితంగా, అంత నిజాయితీగా మందులు చెప్పలేదు. వాటితో తగ్గదని మా ఇద్దరికీ తెలుసు.

ఆమె పోయాక చర్చిలో జరిగిన కార్యక్రమానికి నేను వెళ్లలేదు. గ్రూపులో డాక్టరు గారు "గ్రేట్ సోల్" అని రాశాడు. నేనూ రెండు చేతుల బొమ్మ పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం ఉండబట్టలేక, పప్పుచారూ కోడికూరా అన్నం డబ్బాల్లో సర్దుకుని వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లాను.

పెద్దపిల్ల తలుపు తీసింది. పదహారేళ్లు, అచ్చం తల్లి నుదురు. నాన్న డ్యూటీకి వెళ్లాడంది. చెల్లెలు, తొమ్మిదేళ్లది, లోపల గదిలో ఏదో రాసుకుంటోంది. పెద్దపిల్లకి తెలుగు బాగా అర్థమవుతుంది గానీ మాట్లాడేది ఇంగ్లిషే. ఆ మాటల్ని నేను తెలుగు చేసి రాస్తున్నాను. నన్ను కూర్చోబెట్టి, డబ్బాలు వంటింట్లో పెట్టి వచ్చి, బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది.

"ఆంటీ, చెల్లికి సెప్టెంబర్‌లో టెస్ట్. స్కూల్ ఆఫీసులో ఇది ఇచ్చారు. ఇది నింపితే తక్కువ మార్కులకే సీటిస్తారట. అమ్మని అడిగాను. నా అప్పుడు మీరు వద్దన్నారని, మిమ్మల్ని కనుక్కుని చెయ్యమని చెప్పింది. ఏం చెయ్యను?"

"నింపు," అన్నాను. "ఇయాల్నే నింపు. వీసాకు ఏం కాదు. బళ్ల ఎవరికీ తెల్వనియ్యరు. దా, నేను రాసిస్త." బ్యాగులోంచి పెన్ను తీశాను.  ఆరేళ్ల తర్వాత దిద్దుకునే అవకాశం దొరికిందని, నిజం చెప్పాలంటే, నాకు సంతోషం కూడా వేసింది.

ఆ పిల్ల పెన్ను వైపు చూసింది. "రూల్ ఇప్పుడు మారిందా?"

మారిందంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది. ఆ పిల్ల నమ్మేది కూడా, వాళ్లమ్మ నమ్మినట్టే.

"లేదు. అప్పుడు గూడ గిదే రూలు."

"మరి నాకెందుకు వద్దన్నారు?"

గొంతులో కోపం లేదు. క్లాసులో అర్థం కాని లెక్క అడిగినట్టు అడిగింది. లోపల గదిలో చెల్లెలు ఏదో మాట పైకి చదువుకుంటోంది.

"మావానికి సీటు కావాలని," అన్నాను.

ఆ పిల్ల తల ఊపింది.  తర్వాత నా చెయ్యి కింద ఉన్న ఫారాన్ని మెల్లగా, నలగకుండా లాక్కుంది.

"పర్లేదు, రేపు స్కూల్ ఆఫీసులో వాళ్లే నింపి పెడతారు," అంది. లేచి వంటింటి వైపు నడుస్తూ, మర్యాదగానే చెప్పింది, "డబ్బాలు ఇప్పుడే కడిగి ఇచ్చేస్తాను ఆంటీ. వాటి కోసం మీరు మళ్లీ రానక్కర్లేదు."